కడుపు మాటను ఏ స్కేలుతో కొలవాలి?

మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ఊళ్ళలో వయసొచ్చిన ఆడపిల్ల నెలల తరబడి సరిగా తినకపోతే ఇంట్లో వినిపించే మొదటి మాట ‘బువ్వ సయించడం లేదంట’. ఆ తర్వాత నడిచే దారి అక్కడి కుటుంబాలకు కొత్త కాదు. దిష్టి తీస్తారు. తాయెత్తు కట్టిస్తారు. ఊళ్ళో ఆరెంపీ గ్యాసు మాత్రలిచ్చి, నీరసానికి సెలైన్ ఎక్కిస్తాడు. తగ్గకపోతే ప్రొద్దుటూరులో స్కానింగు, కడపలో ఎండోస్కోపీ, అప్పటికీ అంతు చిక్కకపోతే అప్పో సప్పో చేసి రాయవేలూరు పెద్దాసుపత్రికి ప్రయాణం. రిపోర్టులు నార్మల్ అని వచ్చేకొద్దీ ఇంట్లో భయం తగ్గి విసుగు పెరుగుతుంది: ‘రోగమేమీ లేదంట, అంతా మొండితనమే.’ ఇంత తిరుగుడులోనూ ఆ పిల్ల కడుపును అందరూ పరీక్షిస్తారు గాని, కంచం ముందు కూర్చున్నప్పుడు నీ లోపల ఏమవుతోంది అని అడిగేవాళ్ళు అరుదు. అడిగినా ‘ఏం లేదు’, ‘తెలీదు’ అన్న జవాబు రాగానే అక్కడితో ఆగిపోతారు. ఆ ‘తెలీదు’ నిజంగా తెలియకపోవడమా, మాటల్లో పెట్టలేకపోవడమా, పైకి అనకూడదని అనుకోవడమా? తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలున్నవాళ్ళలో ఈ తేడాను కొలవడానికి పరిశోధకులు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. వాళ్ళు తయారుచేసిన కొలమానాలు మనకు అవసరమే. అయితే వాటిని ఉన్నవున్నట్టు తెలుగులోకి దించుకుని, వచ్చిన అంకెను నమ్మి కూర్చుంటే మన పిల్లల గురించి తప్పు తీర్పు చెబుతామన్నది నా వాదన.

ముందు రుగ్మత సంగతి. ఈటింగ్ డిజార్డర్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది, లావైపోతానన్న భయంతో తిండి మానేసి, బక్కచిక్కినా అద్దంలో లావుగానే కనిపిస్తున్నానని బాధపడే అమ్మాయి. అది అనోరెక్సియాకు పాశ్చాత్య వైద్య గ్రంథాలు గీసిన బొమ్మ. పట్టరాని ఊపులో తిని, ఆ తర్వాత దాన్ని వదిలించుకోవడానికి తంటాలు పడే బులీమియా, ఊపులో తినడమే ఉండే బింజ్ ఈటింగ్ కూడా ఈ కుదురులోవే. మగపిల్లల్లోనూ ఇవి ఉంటాయి, గుర్తించడం ఇంకా ఆలస్యమవుతుంది. మన దేశంలో ఈ బొమ్మ చాలాసార్లు సరిపోలేదు. ఢిల్లీలోని ఎయిమ్స్‌కు చెందిన ఖండేల్వాల్, శరణ్, సక్సేనా 1995లో అయిదుగురు యువతుల గురించి రాశారు. తినడానికి నిరాకరణ, ఆగని వాంతులు, బరువు తగ్గిపోవడం, నెలసరి నిలిచిపోవడం అన్నీ ఉన్నాయి. లావు గురించిన బెంగ, శరీరాకృతి గురించిన వక్రమైన ఊహ మాత్రం లేవు. ఆ రాయవేలూరు ఆసుపత్రి సీఎంసీలోనే మానసిక చికిత్సకు వచ్చిన పిల్లల రికార్డులను తిరగేసి ప్రియా మామెన్, సహచరులు 2007లో ప్రచురించిన వ్యాసంలో, తిండి రుగ్మతల్లో ఎక్కువగా కనిపించింది మానసిక కారణాల వల్ల వచ్చే వాంతులే. హాంకాంగ్‌లో సింగ్ లీ 1993లో 70 మంది రోగులను పరిశీలిస్తే వాళ్ళలో సగానికి పైగా లావు భయం మాటే ఎత్తలేదు. కడుపు ఉబ్బరమనీ, ఆకలి లేదనీ చెప్పారు. ‘సయించడం లేదు’ అన్న కడప జిల్లా మాటకు ఇవన్నీ దగ్గరి చుట్టాలు. అంటే మన దగ్గర ఈ రుగ్మత చాలా వరకు కడుపు వేషంలో వస్తుంది. దాని వెనకున్న దిగులో, భయమో, కోపమో రోగికి తెలుసా లేదా అన్న ప్రశ్న ఇక్కడ ఇంకా బరువెక్కుతుంది.

ఆ ప్రశ్నను వైద్యరంగంలో ముందుగా గట్టిగా వేసినవాళ్ళలో ఒకరు హిల్డా బ్రూక్. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఈ డాక్టరు 1962లో అనోరెక్సియా గురించి రాస్తూ, ఈ పిల్లలకు ఆకలిని పోల్చుకోవడమే రావడం లేదని గమనించారు. ఆకలి, అలసట, కోపం, భయం అన్నీ వాళ్ళకు ఒకే తీరు ఇబ్బందిగా తోస్తాయి. ఏడుస్తున్న పసిబిడ్డకు ఆకలైతే పాలు, నిద్రొస్తే జోల, భయమేస్తే ఒడి అందినప్పుడే బిడ్డకు తన లోపలి కదలికల మధ్య తేడా తెలిసొస్తుందనీ, ఏ ఏడుపుకైనా తిండే జవాబైతే ఆ తేడా ఏర్పడదనీ ఆమె ఊహించారు. అందులో తల్లుల మీద మోపిన నింద ఇవాళ నిలబడదు. ఈ రుగ్మతల్లో వంశపారంపర్యం పాత్ర కూడా గట్టిదేనని తర్వాత తేలింది. అయినా ఆమె గమనింపు మాత్రం నిలిచింది. బోస్టన్‌లో నెమియా, సిఫ్నియోస్ అనే ఇద్దరు మానసిక వైద్యులు శారీరక బాధలతో వచ్చే రోగుల్లో ఇలాంటిదే చూశారు. తమకేమనిపిస్తోందో చెప్పమంటే వాళ్ళు జరిగిన సంగతులు పూసగుచ్చినట్టు చెబుతారు, అనిపించింది మాత్రం చెప్పలేరు. ఈ లక్షణానికి 1970ల మొదట్లో సిఫ్నియోస్ పెట్టిన పేరు అలెక్సిథైమియా. ఇది జబ్బు కాదు. కొందరిలో తక్కువగా, కొందరిలో ఎక్కువగా ఉండే తీరు.

పేరు పెట్టాక కొలత కావాలి. గార్నర్, ఓల్మ్‌స్టెడ్, పొలివి 1983లో తిండి రుగ్మతల కోసం తయారుచేసిన ప్రశ్నావళిలో, లోపలి కదలికలను గుర్తించగల శక్తి కోసం ఒక భాగం కేటాయించారు. ఇప్పుడు ప్రపంచమంతా ఎక్కువగా వాడుతున్నది బ్యాగ్బీ, పార్కర్, టేలర్ 1994లో ప్రచురించిన టొరంటో స్కేలు. ఇందులో 20 వాక్యాలుంటాయి. ఒక్కోదానికి ‘అస్సలు కాదు’ నుంచి ‘పూర్తిగా అవును’ దాకా అయిదు మెట్లలో మార్కు పెట్టాలి. ఏడు వాక్యాలు భావాన్ని పోల్చుకోలేకపోవడం గురించి, అయిదు దాన్ని చెప్పలేకపోవడం గురించి, ఎనిమిది లోపలి సంగతులకన్నా బయటి సంగతుల మీదే ధ్యాస పెట్టడం గురించి. మొత్తం 20 నుంచి 100 లోపు వస్తుంది. 61, ఆపైన వస్తే అలెక్సిథైమియా ఉన్నట్టు, 51, అంతకన్నా తక్కువైతే లేనట్టు, నడుమ వస్తే ఉండొచ్చన్నట్టు. పది నిమిషాల పని. ఒక కాగితం, ఒక పెన్ను చాలు. ఆ సులువే దాని బలం.

ఈ కొలతతో తెలిసిన సంగతులు చిన్నవి కావు. 2017లో వెస్ట్‌వుడ్, చాంచూరియా, వాళ్ళ సహచరులు 48 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, తిండి రుగ్మతలున్నవాళ్ళ స్కోరు లేనివాళ్ళకన్నా స్పష్టంగా ఎక్కువగా ఉంది. అనోరెక్సియాలోనూ, బులీమియాలోనూ, బింజ్ ఈటింగ్‌లోనూ అదే ధోరణి. ఎదుటివాళ్ళ ముఖం చూసి వాళ్ళ మనసును పోల్చుకునే శక్తి తిండి రుగ్మతలున్నవాళ్ళలో తక్కువని అంతకుముందు చాలామంది అన్నారు. బ్రూవర్, బర్డ్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు 2015లో దీన్ని విడదీసి చూశారు. ఆ లోపం రుగ్మత వల్ల వచ్చింది కాదు, కొందరిలో రుగ్మతతోపాటు ఉండే అలెక్సిథైమియా వల్ల వచ్చిందని తేల్చారు. ఒకే రోగం పేరు కింద ఉన్నవాళ్ళలోనే తమ భావం తమకు తెలిసినవాళ్ళూ, తెలియనివాళ్ళూ ఉన్నారన్నమాట. ఇద్దరికీ ఒకే చికిత్స సరిపోతుందా? స్పెరాంజా బృందం రోగులను మూడేళ్ళపాటు వెంటాడి 2007లో ప్రచురించిన ఫలితం దీనికి జవాబు చెబుతుంది. మొదట్లో భావాన్ని పోల్చుకోవడం కష్టమని చెప్పినవాళ్ళు మూడేళ్ళ తర్వాత కోలుకోవడంలోనూ వెనకబడ్డారు. కాబట్టి దీన్ని కొలవకుండా వదిలేయడం మంచిది కాదు. వచ్చిన అంకెలో ఏమేం కలిసి ఉన్నాయన్నదే అసలు తగాదా.

అందులో కలిసే మొదటిది ఆకలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వాళ్ళ సమ్మతితోనే, 24 వారాలపాటు అరకొర తిండి పెట్టి గమనించాడు. యుద్ధంలో చేరడానికి ఒప్పుకోక, బదులుగా ఈ సేవకు ముందుకొచ్చిన యువకులు వాళ్ళు. వాళ్ళలో తిండి రుగ్మత ఉన్నవాళ్ళు లేరు. అయినా కొద్ది నెలల్లోనే దిగులు, చిరాకు, ఎవరితోనూ కలవకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, ఎప్పుడూ తిండి ధ్యాసే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. కడుపు మాడితే మనసు మొద్దుబారుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. అలాంటి స్థితిలో ఉన్న పిల్లకు టొరంటో స్కేలు ఇస్తే, అది ఆమె స్వభావాన్ని కొలుస్తోందా, ఆమె ఆకలిని కొలుస్తోందా? రెండోది డిప్రెషన్. జర్మనీకి చెందిన లైసింగ్, గ్రాండే, ఫాబర్ 2009లో ఈ స్కేలు కొలిచేది చాలా వరకు మామూలు మానసిక వేదననేనని వాదించారు. స్కేలును సమర్థించేవాళ్ళు దీన్ని ఒప్పుకోరు. వేదన తగ్గినప్పుడు అందరి స్కోరూ కొంత దిగినా, ఎక్కువ ఉన్నవాళ్ళు తక్కిన వాళ్ళతో పోలిస్తే ఎక్కువలోనే ఉంటారని చూపారు. నాకు రెండు వైపులా నిజం కనిపిస్తుంది. ప్రొద్దుటూరు బంగారు బజారులో పాత నగను తూకం వేసినప్పుడు రాళ్ళ బరువు, లక్క బరువు తీసేసి గాని బంగారం లెక్కకట్టరు. ఒక్క తూకంతో వచ్చిన 61లో ఆకలి ఎంత, దిగులు ఎంత, నిజమైన అలెక్సిథైమియా ఎంత అన్నది అలా తీసి చూస్తే తప్ప తెలియదు.

కలిసే మూడోది మన బతుకు తీరు. దీని గురించి బయటి పరిశోధన మాట్లాడింది తక్కువ, మనకు తెలిసింది ఎక్కువ. స్కేలులో ఒక వాక్యం, డాక్టర్లకు కూడా అంతుచిక్కని బాధలు ఒంట్లో ఉన్నాయా అన్న అర్థంలో ఉంటుంది. టొరంటోలో కూర్చున్న విద్యార్థికి ఇది తన లోపలి గజిబిజి గురించిన ప్రశ్న. మైదుకూరు నుంచి ప్రొద్దుటూరుకు, అక్కణ్ణుంచి కడపకు తిరిగి, ప్రతి చోటా నార్మల్ అన్న రిపోర్టు చేతపట్టుకొచ్చిన పిల్లకు ఇది జరిగిన సంగతి. ‘పూర్తిగా అవును’ అని పెట్టడం తప్ప ఆమె ఏం చేస్తుంది? స్కోరులో అయిదు మార్కులు చేరిపోతాయి. ఆ మార్కులు ఆమె మనసువి కావు, ఆమె తిరిగిన ఆసుపత్రులవి. ఇంకో వాక్యం, మనసును కలచే కథలకన్నా తేలికపాటి వినోదం చూడడమే ఇష్టమా అన్నట్టుంటుంది. రోజంతా ఇంటర్ కాలేజీ హాస్టల్లో స్టడీ అవర్లతో నలిగిన పిల్ల రాత్రి ఫోన్లో కామెడీ సీన్లు చూడడం ఇష్టమంటే అది భావదారిద్ర్యం కిందికి వస్తుందా? మనుషులతో వాళ్ళ మనసు సంగతులకన్నా రోజువారీ పనుల గురించి మాట్లాడడమే మేలనిపిస్తుందా అన్న అర్థంలో మరొకటి. పది మంది ఉండే ఇంట్లో పసుపు ఉడికిందా, చీనీ కాయల బండి వచ్చిందా అని మాట్లాడుకోవడమే మర్యాద. మనసు సంగతి ఎత్తడానికి మనిషి, చోటు, సమయం అన్నీ కుదరాలి. కెనడాలో డెరే, ఫాక్, రైడర్ 2012లో యూరప్ మూలాల విద్యార్థులను, చైనా మూలాల విద్యార్థులను పోల్చినప్పుడు తేడా ముఖ్యంగా ఈ మూడో భాగంలోనే వచ్చింది. అది భావాలు తెలియకపోవడం వల్ల కాదు, పాటించే విలువల వల్ల అని వాళ్ళు చూపారు. అనువాదాల్లో ఎక్కువగా కుంటుపడే భాగం కూడా ఇదే. దాని వాక్యాలు ఒకదానితో ఒకటి పొత్తు కుదరవు.

ఈ ఇబ్బందులు చూసి కొందరు వేరే దారి పట్టారు. ‘మీకు భావాలు తెలుసా’ అని భావాలు తెలియనివాళ్ళనే అడగడంలో చిక్కుంది కదా. తెలియదన్న సంగతి కూడా తెలియకపోవచ్చు. అందుకని రిచర్డ్ లేన్, అతని సహచరులు 1990లో సన్నివేశాల పద్ధతి తెచ్చారు. 20 చిన్న సన్నివేశాలు చెప్పి, ఇందులో నీకేమనిపిస్తుంది, ఎదుటి మనిషికేమనిపిస్తుంది అని అడుగుతారు. జవాబును మెట్ల మీద పెడతారు. ఒంట్లో కలిగినదాన్ని మాత్రమే చెబితే కింది మెట్టు. ఏం చేయబుద్ధవుతుందో చెబితే దానిపై మెట్టు. ఒక భావం పేరు చెబితే ఇంకా పైన, కలగాపులగమైన భావాలను విడదీసి చెబితే ఆపైన. నాకిలా, అతనికలా అని ఇద్దరివీ వేర్వేరుగా చెప్పగలిగితే అన్నిటికన్నా పైన. పద్ధతి చాలా మంచిది. మన దగ్గర దాని మెట్లే తిరగబడతాయి. తెలుగులో ‘కడుపు మండిపోయింది’ అనేది ఎసిడిటీ గురించి కాదు. ‘కడుపు తరుక్కుపోయింది’ అన్న తల్లికి స్కానింగు అవసరం లేదు. గుండె చెరువవుతుంది, గుండె రాయి చేసుకుంటాం, ఒళ్ళు మండుతుంది, పేగు కదులుతుంది. కోపంలో అన్యాయం కలిస్తే కడుపుమంట, భయంలో ఎదురుచూపు కలిస్తే గుండెల్లో గుబులు. ఇవి ఒంటి మాటలే, కానీ రెండు మూడు భావాలను ఒకేసారి మోసే మాటలు. మెట్ల లెక్కలో వీటికి పడేది కింది మార్కు, రావలసింది పై మార్కు. తెలుగు జవాబులకు మార్కులు వేసేవాళ్ళ చేతిలో తెలుగు పలుకుబళ్ళ పట్టిక లేకపోతే, భావ సంపన్నంగా మాట్లాడిన పిల్ల భావం తెలియనిదిగా నమోదవుతుంది.

ఇక్కడ ఎవరైనా ఆపి అడగవచ్చు: అలాగైతే అంతా సంస్కృతి మీదికే నెట్టేస్తున్నారు కదా, నిజంగా భావం పోల్చుకోలేని పిల్ల మన దగ్గర లేదా? ఉంది. ఆమె కూడా అదే కడుపు మాట వాడుతుంది. అందువల్లే కొలత అవసరం. మాట ఏది అన్నది చూడకుండా, ఆ మాట దేనికి ముడిపడి ఉంది, ఒక స్థితికీ ఇంకో స్థితికీ తేడా చూపగలుగుతోందా అన్నది చూడాలి. ఒక సన్నివేశం అనుకుందాం. ‘ఏమ్మా, చుట్టాలంతా ఉండగా మీ నాయన నీ మార్కులు చదివి వినిపించినాడనుకో. నీకెట్లుంటాది? మీ నాయనకెట్లుంటాది?’ ఒక పిల్ల ఇలా అనవచ్చు: ‘కడుపులో దేవినట్లయితాది మేడం. పోయిన తూరి మా అత్త ముందర ఫీజు మాట ఎత్తినప్పుడూ ఇట్లే అయింది. ఆకలప్పుడు అయ్యేది ఇది కాదు, వేరే. నాయనకైతే పైకి కోపం, లోపల బాధ ఉంటాది.’ ఇంకో పిల్ల ఇలా అనవచ్చు: ‘కడుపు ఉబ్బరంగా ఉంటాది. ఎప్పుడూ అంతే మేడం. నాయనకా? ఏమో, తెలీదు.’ ఇద్దరూ కడుపు గురించే చెప్పారు. మొదటి పిల్ల భావం పేరు పెట్టలేదు గాని దాన్ని సందర్భంతో కట్టింది, ఆకలి నుంచి విడదీసింది, తండ్రి మనసును రెండు పొరల్లో చూసింది. రెండో పిల్లకు అన్ని సందర్భాలూ ఒకే ఉబ్బరం. హిల్డా బ్రూక్ చెప్పిన కలగలుపు ఇదే. టొరంటో కాగితం మీద వీళ్ళిద్దరి స్కోరూ దాదాపు ఒకటే రావచ్చు. నిజానికి మొదటి పిల్ల స్కోరే ఎక్కువ రావచ్చు, ఎందుకంటే తన గజిబిజిని గమనించగలిగింది ఆమే.

రెండో అభ్యంతరం పరిశోధకులది. దేశానికో కొలత, భాషకో కొలత పెట్టుకుంటే ఒకరి ఫలితాన్ని ఇంకొకరితో పోల్చేదెలా? పైగా హిందీలో పాండే, మండల్, టేలర్, పార్కర్ 1996లోనే టొరంటో స్కేలును అనువదించి, అది పనిచేస్తుందని చూపారు కదా. చూపారు, అది మంచి పని. అయితే ఒక అనువాదం పనిచేస్తుందనడానికి వాళ్ళు చూసింది వాక్యాలు మూల స్కేలులో లాగే మూడు గుంపులుగా విడిపోతున్నాయా అన్నది. ఆసుపత్రులు తిరిగి తిరిగి అలసిన రోగి దగ్గర ఒక్కో వాక్యం ఏ అర్థంతో చేరుతుందన్నది వేరే పరీక్ష. దానికి మనుషులను కూర్చోబెట్టి, ఈ వాక్యం నీకు ఏమని అర్థమైంది, ఎందుకు ఈ మార్కు పెట్టావు అని ఒక్కొక్కటే అడగాలి. స్కేలులోని అయిదు వాక్యాలు తిరగేసి ఉంటాయి. వాటికి అవునంటే స్కోరు తగ్గుతుంది. చదువు తక్కువున్నవాళ్ళు, ఏది అడిగినా పెద్దవాళ్ళ మాటకు అవుననడం అలవాటైనవాళ్ళు ఇక్కడ తడబడతారు. పోలిక కోసం టొరంటో స్కేలును మానేయమని నేననను. దాన్ని ఉంచి, మొదటి రెండు భాగాల మార్కులను మూడో భాగంతో కలపకుండా విడిగా చూడాలి. పక్కన తెలుగు సన్నివేశాలు పెట్టాలి. రెండూ ఒకే మాట చెప్పినప్పుడు నమ్మకం పెరుగుతుంది. చెరొకటి చెప్పినప్పుడు ఆ తేడాయే మనకు కావలసిన సమాచారం.

మాటలతో ఇంత గొడవ ఉంటే మాటల జోలికి పోకుండా ఒంటినే అడగవచ్చు కదా అన్నవాళ్ళూ ఉన్నారు. నాడి పట్టుకోకుండా, తన గుండె కొంతసేపట్లో ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టమనే పరీక్ష ఒకటుంది. జర్మనీలో పొల్లాటోస్ బృందం 2008లో అనోరెక్సియా ఉన్నవాళ్ళు ఇందులో వెనకబడ్డారని చెప్పింది. తర్వాతి అధ్యయనాలు అన్నీ ఏకీభవించలేదు. గుండె నిమిషానికి సుమారు ఎన్నిసార్లు కొట్టుకుంటుందో తెలిసినవాళ్ళు వినకుండానే ఊహించి చెప్పగలరు. పస్తులతో గుండె నెమ్మదించిన పిల్ల ఊహ అందుకే తప్పవచ్చు. యంత్రం పెట్టినంత మాత్రాన చిక్కు తీరదు.

నాకు బరువుగా తోచే అభ్యంతరం వేరే ఉంది. కరవు సీమలో, ఆడవాళ్ళ రక్తహీనత ఇంతగా ఉన్నచోట, ఇంత సన్నని కొలతలు ఎవరికి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. దీన్ని కాదనలేం. కానీ అదే లెక్క నా వాదనకు బలమిస్తుంది. నీరసం, కళ్ళు తిరగడం, నెలసరి తప్పడం అన్నీ రక్తహీనత ఖాతాలో పడిపోయే చోటే, తినలేని పిల్ల తిండి లేని పిల్లగా కనిపిస్తుంది. ఐరన్ మాత్రలతో పంపేస్తారు. ఇంకో కారణమూ ఉంది. శనివారమో, గురువారమో ఒక్కపొద్దు ఉండడం, ఇంట్లో అందరూ తిన్నాక ఆడవాళ్ళు తినడం మనకు మామూలు. ఒక్కపొద్దు చాటున తిండి తగ్గించుకుంటూ పోయే పిల్లను అవ్వ మెచ్చుకుంటుంది గాని అనుమానించదు. భక్తితో ఉండే పస్తుకూ, లోపలి అలజడిని అణచడానికి ఉండే పస్తుకూ పైకి తేడా ఉండదు. ఆ రోజు తినకుండా ఉన్నప్పుడు లోపల ఎలా ఉంటుంది, తిన్న రోజు ఎలా ఉంటుంది అని అడిగితేనే తేడా బయటపడుతుంది. 2015–16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు. మన పిల్లల మనసు సంగతులు జాతీయ అంకెల్లో ఇప్పటికే పలచన. ఉన్న కొద్దిపాటి కొలతా వంకరగా ఉండకూడదు.

ఇదంతా ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి లాంటి చోట, వందల మంది వరసలో ఉన్న ఓపీలో సాధ్యమా? అందరికీ అక్కర్లేదు. పరీక్షలు నార్మల్ అని వచ్చీ తిండి కుదరని పిల్లకు ఇది కావాలి. కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె లయ తప్పడం, బరువు వేగంగా పడిపోవడం ఉంటే ముందు ఒంటికి చికిత్స, కొలతలు తర్వాత. ఆ ప్రమాదం దాటాక మొదటి షరతు, ఆ పిల్లను ఒంటరిగా మాట్లాడనివ్వడం. తల్లి పక్కన ఉన్నప్పుడు కూతురు, అత్త పక్కన ఉన్నప్పుడు కోడలు ‘ఏం లేదు’ అంటే అది భావం తెలియకపోవడం కాదు, తెలిసి మింగడం. ఏ స్కేలూ ఈ రెంటినీ వేరు చేయలేదు, తలుపు వేయడం వేరు చేస్తుంది. దగ్గర్లో మానసిక వైద్యులు లేనివాళ్ళకు 2022 అక్టోబరులో మొదలైన టెలీమానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. రెండో షరతు, ఒకసారి కొలిచి ముద్ర వేయకపోవడం. పస్తు స్థితిలో ఒకసారి, తిండి కుదురుకుని దిగులు కాస్త తగ్గాక మళ్ళీ ఒకసారి కొలవాలి. రెండోసారి స్కోరు బాగా దిగితే మొదటిది చాలావరకు ఆకలి బరువే. దిగకుండా, సన్నివేశాల్లోనూ అన్నిటికీ ఒకే ఉబ్బరమే జవాబైతే, చికిత్సను ఆమె కోసం మార్చాలి. లండన్‌లో చాంచూరియా బృందం ఇలాంటివాళ్ళ కోసం భావాలను పోల్చుకునే చిన్న చిన్న సాధనలను చికిత్సలో చేర్చింది. మామూలు కౌన్సెలింగులో తిన్నదీ, తినే ముందు కలిగిన భావమూ రోజూ రాసుకోమని ఒక పుస్తకం ఇస్తారు. భావం రాయమన్న గడి ఈ పిల్ల దగ్గర రోజుల తరబడి ఖాళీగానే ఉంటుంది, దాన్ని చూసి సహకరించడం లేదని ఇంట్లో మళ్ళీ తిట్లు. ఆ గడి తీసేసి దాని చోట మూడు గడులు పెట్టవచ్చు: ఒంట్లో ఎక్కడ ఎలా ఉంది, అప్పుడు పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది. వీటిని ఆమె నింపగలదు. కొన్ని వారాల రాత పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, కడుపు దేవిన పూటల్లో ఇంట్లో ఎవరున్నారో ఆమెకే కనిపించడం మొదలవుతుంది.